ఎవరూ ముట్టని కంప్యూటర్‌కు ఏం పని?

ఇంట్లో కంప్యూటర్ ఆన్‌లో ఉంటుంది, ముందు ఎవరూ ఉండరు. తెర మీద ఒక్క ప్రోగ్రామ్ కూడా తెరిచి ఉండదు. అయినా కాసేపటికి ఫ్యాన్ జోరందుకుంటుంది, హార్డ్ డిస్క్ దీపం ఆగకుండా మినుకుమంటుంది, రౌటర్ మీద లైట్లు గబగబా కొట్టుకుంటాయి. సంగతేమిటో చూద్దామని ఎవరైనా వచ్చి మౌస్ కదిలించగానే చప్పుడు దిగిపోతుంది. చాలామందిని అనుమానంలో పడేసేది ఈ చివరి సంగతే. అలికిడి వినగానే ఎవరో సర్దుకున్నట్టు ఉంటుంది ఆ తీరు.

నిజానికి మనిషి రాగానే పక్కకు తప్పుకోవడం మర్యాద తెలిసిన ప్రోగ్రామ్ లక్షణం. అలా తప్పుకొనేలాగే దాన్ని రాస్తారు. చిక్కల్లా దొంగ ప్రోగ్రాములు కూడా ఆ మర్యాదను నటించడం నేర్చుకోవడంతోనే వచ్చింది. రెంటినీ విడదీసి చూడాలంటే ముందు కంప్యూటర్ తన సమయాన్ని ఎలా పంచుతుందో తెలియాలి. ఈ వ్యాసంలో ఎక్కువగా విండోస్ సంగతే వస్తుంది, మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది అదే కాబట్టి. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ పేర్లు మారతాయి, పద్ధతి ఇంచుమించు ఒకటే.

ఉండటం వేరు, పనిచేయడం వేరు

విండోస్ కంప్యూటర్‌ను ఆన్ చేసి ఏమీ తెరవకుండా వదిలేసినా వందకు పైగా ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు, జాబితాలో కనిపిస్తాయి. ఒకటి వైఫై చూసుకుంటుంది, ఒకటి శబ్దం, ఒకటి ప్రింటర్, ఇంకొకటి గడియారం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌ను మొదటిసారి తెరిచినవారు ఈ జాబితా పొడవు చూసే బెంబేలెత్తుతారు. అందులో నూటికి తొంభై నిద్రలో ఉంటాయి. ప్రింటర్ చూసుకునే ప్రోగ్రామ్‌కు ప్రింట్ ఇచ్చేదాకా చేయడానికేమీ ఉండదు. అది మెమరీలో కొంత చోటు పట్టుకుని ఉంటుంది, ప్రాసెసర్ జోలికి మాత్రం పోదు.

మేలుకొని ఉన్నవాటికి ప్రాసెసర్ వంతులవారీగా దొరుకుతుంది. ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్ మామూలుగా ఒక క్షణంలో ఒకటి రెండు పనులకు మించి చేయలేదు. పాట వినపడుతుండగానే టైపింగ్ సాగడం, డౌన్‌లోడ్ కదలడం అన్నీ ఏకకాలంలో జరుగుతున్నట్టు కనిపించేది వంతులు మిల్లీసెకన్లలో మారిపోతుంటాయి కాబట్టి. ఒకే యంత్రాన్ని ఇలా పలువురికి పంచవచ్చని అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బటో బృందం 1961 నవంబరులో చేసి చూపించింది. ఆ రోజుల్లో పంచుకున్నది మనుషులు. ఇప్పుడు ఇంటి కంప్యూటర్‌కు మనిషి ఒక్కడే, పంచుకునేవి ప్రోగ్రాములు.

వంతులు పంచే భాగాన్ని షెడ్యూలర్ అంటారు. అది అందరినీ సమానంగా చూడదు. విండోస్‌లో ప్రాధాన్యానికి 0 నుంచి 31 వరకు మెట్లున్నాయి. పైమెట్టు మీదున్న పని సిద్ధంగా ఉన్నంతసేపూ కిందిమెట్టు పని ఆగాల్సిందే. మనిషి చూస్తున్న కిటికీలోని ప్రోగ్రామ్‌ను షెడ్యూలర్ కాస్త పైకి లేపుతుంది. తెరవెనుక పనులను కింద ఉంచుతుంది. ప్రాసెసర్‌కే కాదు, డిస్క్‌ను చదివే వంతుకు కూడా ఇలాంటి మెట్లు 2007లో ఇళ్లకు వచ్చిన విండోస్ విస్టాతో మొదలయ్యాయి.

టాస్క్ మేనేజర్‌లో వివరాల పేజీ తెరిస్తే 'సిస్టం ఐడిల్ ప్రాసెస్' అన్న పేరు పక్కన 95, 97 వంటి అంకె కనబడుతుంది. ప్రాసెసర్‌ను ఇదే మింగేస్తోందని దాన్ని ఆపడానికి ప్రయత్నించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ అంకె ఖాళీ సమయాన్ని చూపిస్తుంది. ఎవరికీ పని లేనప్పుడు ప్రాసెసర్ కాలాన్ని ఆ పేరు మీద లెక్క రాస్తారు. అది ఎంత ఎక్కువ ఉంటే కంప్యూటర్ అంత తీరిగ్గా ఉన్నట్టు.

ఖాళీ అని తేల్చేదెవరు

తెరవెనుక పనులు ఎప్పుడు పడితే అప్పుడు మొదలు కావు. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ అనే విభాగం ఉంది. ఏ పని ఏ వేళకు, ఏ షరతు మీద మొదలవాలో అందులో రాసి ఉంటుంది. 'కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు' అన్నది అందులో ఒక షరతు.

ఖాళీ అనడానికి దాని లెక్క దానికుంది. విండోస్ 7 నాటి పద్ధతి ప్రకారం 15 నిమిషాలకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటుంది. ఆ వ్యవధిలో కీబోర్డ్ గాని మౌస్ గాని కదలలేదా? ప్రాసెసర్లు, డిస్కులు 90 శాతానికి పైగా సమయం ఊరికే ఉన్నాయా? రెంటికీ అవునన్న జవాబు వస్తే కంప్యూటర్ ఖాళీ అయినట్టే. ప్రొజెక్టర్‌కు తగిలించి ప్రదర్శన నడుపుతుంటే మాత్రం మౌస్ కదలకపోయినా మనిషి ఉన్నట్టే లెక్క. తర్వాతి విండోస్‌లలో ఈ గడువులు మారాయి గాని ఆలోచన మారలేదు.

దీన్ని బట్టి మొదటి చిక్కు సగం విడిపోతుంది. మనిషి లేచి వెళ్లిన కాసేపటికి చప్పుడు మొదలవడం యాదృచ్ఛికం కాదు, మనిషి లేకపోవడమే దానికి కారణం. మౌస్ కదలగానే షరతు తప్పుతుంది, పని ఆగుతుంది. ఫైళ్లకు సూచిక తయారుచేసే విండోస్ సెర్చ్ ఈ సంగతిని దాచుకోదు కూడా. ఇండెక్సింగ్ ఆప్షన్స్ పేజీ తెరిచి చూస్తే, కంప్యూటర్‌ను ఎవరో వాడుతున్నందువల్ల వేగం తగ్గించామన్న వాక్యం అక్కడే కనిపిస్తుంది.

రాత్రి డ్యూటీ

ఆర్టీసీ డిపోలో అర్ధరాత్రి పూట హడావుడి ఎక్కువ. బస్సులు కడుగుతారు, డీజిల్ నింపుతారు, బ్రేకులు చూస్తారు. ప్రయాణికుడికి కనబడేది తెల్లవారి శుభ్రంగా వచ్చి నిలబడ్డ బస్సు మాత్రమే. ఆ పనులే పగలు ప్రయాణికులను ఎక్కించుకున్నాక మొదలుపెడితే ఎలా ఉంటుందో తెలిసిందే. కంప్యూటర్ తయారీదారులు ఎంచుకున్నదీ ఇదే దారి. విండోస్ 8 నుంచి 'ఆటోమేటిక్ మెయింటెనెన్స్' పేరుతో ఇలాంటి పనులన్నిటినీ ఒక్కచోట చేర్చి రాత్రి 2 గంటలకు ముహూర్తం పెట్టారు. ఆ వేళకు ఇంటి కంప్యూటర్లు ఎక్కువగా ఆపేసి ఉంటాయి. తప్పిపోయిన ముహూర్తం మరునాడు, కంప్యూటర్ ఖాళీ దొరికిన మొదటి అవకాశంలో నెరవేరుతుంది. భోజనానికి లేచిన వేళ ఫ్యాన్ మోగడానికి తరచుగా కారణం అదే.

ఆ పనుల్లో అన్నిటికన్నా పెద్దది అప్‌డేట్. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ నెలవారీ భద్రతా అప్‌డేట్లను ప్రతినెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. అమెరికా పడమటి తీరంలో ఉదయం పది గంటలకు వచ్చే ఆ అప్‌డేట్ వేసవిలో మన రాత్రి పదిన్నరకు, చలికాలంలో పదకొండున్నరకు బయలుదేరుతుంది. సియాటిల్‌లోని తెలుగువారి కంప్యూటర్ మంగళవారం పగలే గోల మొదలుపెడితే, విజయవాడలో బుధవారం ఆన్ చేసిన కంప్యూటర్ ఆ గోల అందుకుంటుంది. నెలలో రెండో వారం నడిమధ్య కంప్యూటర్ మందగించిందంటే ముందు క్యాలెండర్ చూడటం మంచిది. డౌన్‌లోడ్ ఒక్కటే అయితే ఇంత బరువు ఉండదు. వచ్చిన మూటను విప్పడం, పాత ఫైళ్లతో పోల్చడం, వెనక్కి పోవాల్సివస్తే ఉండాలని పాతవాటిని దాచడం, ప్రతి ఫైల్ సంతకాన్నీ సరిచూడటం అన్నీ ప్రాసెసర్ మీదే పడతాయి. అప్‌డేట్ పూర్తయ్యాక కూడా కొన్ని ప్రోగ్రాములను కొత్త ఫైళ్లకు అనుగుణంగా మళ్లీ యంత్రభాషలోకి మార్చే పని మిగులుతుంది.

సూచిక తయారీ రెండోది. స్టార్ట్ మెనూలో రెండక్షరాలు కొట్టగానే ఫైల్ దొరకడం వెనుక, ఆ ఫైళ్లలోని మాటలన్నీ ముందే చదివి పెట్టుకున్న పట్టిక ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి పదివేల ఫొటోలు ఎక్కించిన రోజున ఆ పట్టికకు చేతినిండా పని. మ్యాక్‌లో 2005 నుంచి ఉన్న స్పాట్‌లైట్ ఇదే చేస్తుంది. ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే మరో ప్రోగ్రామ్ దానికి తోడు.

వైరస్ తనిఖీ మూడోది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ రెండు రకాలుగా పనిచేస్తుంది. ఫైల్ తెరిచినప్పుడల్లా దాన్ని అప్పటికప్పుడు చూస్తుంది. ఖాళీ వేళల్లో అన్నిటినీ వరసపెట్టి చూస్తుంది. ఈ రెండో పనిలో ప్రాసెసర్‌లో సగటున సగానికి మించి వాడవద్దన్న హద్దు మొదటినుంచీ అమర్చి ఉంటుంది. సగమన్నా తక్కువేం కాదు, ఫ్యాన్ వినపడటానికి చాలు.

ఇక్కడ మన ఊళ్ల అలవాటు ఒకటి చెప్పుకోవాలి. కంప్యూటర్ స్లో అయిందంటే షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించడం చాలామందికి మొదటి వైద్యం. ఇంటికి తెచ్చాక రెండు మూడు రోజులు అది ఇంకా ఎక్కువ గోల చేస్తుంది. చేయక తప్పదు. పట్టిక మొదటి అక్షరం నుంచి మళ్లీ రాయాలి, ఆ విండోస్ కాపీ తయారైనప్పటి నుంచి వచ్చిన అప్‌డేట్లన్నీ తెచ్చుకోవాలి, డిస్క్ మొత్తాన్నీ కొత్తగా తనిఖీ చేయాలి. ఆ రెండు రోజులూ ఓపిక పట్టకుండా మళ్లీ షాపుకు పరుగెత్తితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

[బాక్స్] టాస్క్ మేనేజర్‌లో కలవరపెట్టే పేర్లు

సర్వీస్ హోస్ట్: డజన్లకొద్దీ కనిపిస్తుంది. విండోస్ లోపలి సేవలకు ఇది ఒక గొడుగు. పూర్వం అనేక సేవలు ఒకే గొడుగు కింద ఉండేవి. 2017 నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి, మెమరీ 3.5 జీబీ దాటిన కంప్యూటర్లలో ఎక్కువ సేవలకు విడివిడి గొడుగులిచ్చారు. సంఖ్య పెరిగింది అందుకే.

యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్: పేరు చూసి వైరస్ అనుకోవడం కద్దు. ఇదే డిఫెండర్.

విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్: అప్‌డేట్ మూటలు విప్పి సర్దేది. నెల రెండో వారంలో దీని హవా.

డాట్‌నెట్ రన్‌టైమ్ ఆప్టిమైజేషన్ సర్వీస్: అప్‌డేట్ తర్వాత ప్రోగ్రాములను తిరిగి సిద్ధంచేసేది. కాసేపు ప్రాసెసర్‌ను బాగా వాడి, పని అయ్యాక వెళ్లిపోతుంది.

సిస్టం ఇంటరప్ట్స్: ఇది ప్రోగ్రామ్ కాదు. హార్డ్‌వేర్ పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచినప్పుడు పోయే సమయం ఈ పద్దులో పడుతుంది. ఇది పెద్ద అంకె దగ్గర నిలిచిపోతే ఏదో పరికరమో, దాని డ్రైవరో చెడిందని అనుకోవాలి. నిజంగా ఆలోచించాల్సిన పేరు ఈ పెట్టెలో ఇదొక్కటే.

డిస్క్ 100 శాతం

పాత కంప్యూటర్లలో విచిత్రం ఒకటి కనబడుతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రబడి ఉంటుంది. చదువుతున్న సమాచారం చూస్తే సెకనుకు ఒక మెగాబైట్ కూడా ఉండదు. అదే డిస్క్ సినిమా ఫైల్ కాపీ చేసేటప్పుడు సెకనుకు వంద మెగాబైట్లు అందిస్తుంది.

కారణం హార్డ్ డిస్క్ నిర్మాణంలో ఉంది. అందులో నిజంగా తిరిగే పళ్లేలు, వాటి మీద కదిలే చేయి ఉంటాయి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్లు పైన. కావాల్సిన చోటు చేయి కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లు ఆగాలి. అంతకన్నా ముందు చేయి సరైన వలయం మీదికి జరగాలి. దానికి మరో 8 నుంచి 10 మిల్లీసెకన్లు. మొత్తం కలిపితే ఒక్కో చిన్న ముక్కకు 12 మిల్లీసెకన్లు పైనే పడుతుంది. సెకనుకు అలాంటివి ఎనభైకి మించవు. ముక్క 4 కిలోబైట్లయితే సెకనుకు అందేది 320 కిలోబైట్లు. డిస్క్ క్షణం ఊరుకోలేదు, అందుకే 100 శాతం. దాని సమయమంతా చేయి అటూ ఇటూ జరపడానికే పోయింది.

సినిమా ఫైల్ ముక్కలు సాధారణంగా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చేయి పెద్దగా కదలదు. సూచిక తయారీ, వైరస్ తనిఖీ, అప్‌డేట్ సర్దుబాటు అలా కాదు, వేల చిన్న ఫైళ్ల కోసం డిస్క్ నలుమూలలా తిరుగుతాయి. రెండు మూడు ఒకేసారి తగిలితే చేయి ఒకరి కోసం వెళ్తుండగానే ఇంకొకరు పిలుస్తారు. ప్రాధాన్యపు మెట్లు ఇక్కడ కొంతే ఆదుకుంటాయి. ఒకసారి బయలుదేరిన చేతిని మధ్యలో వెనక్కి పిలవడం కుదరదు.

హార్డ్ డిస్క్ స్థానంలో వాడే ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. సెకనుకు పదివేల చిన్న ముక్కలైనా అవలీలగా ఇస్తుంది. తెరవెనుక పనులు వాటిలోనూ అన్నే జరుగుతాయి, మనిషికి తెలియవంతే. ఏడెనిమిదేళ్ల నాటి కంప్యూటర్ మందగించిందని బాధపడే ఇంట్లో పనులను ఆపడం కన్నా ఎస్ఎస్‌డీ వేయించడం ఎక్కువ ఫలితమిస్తుంది.

ప్రాసెసర్లలోనూ ఇలాంటి మార్పే వచ్చింది. 2020 నవంబరులో వచ్చిన ఆపిల్ ఎం1లో, మరుసటి ఏడాది ఇంటెల్ 12వ తరం చిప్‌లలో తక్కువ కరెంటుతో నడిచే చిన్న కోర్లు వేరుగా ఉన్నాయి. తెరవెనుక పనులను వాటి మీదికి తోసేస్తారు. కొత్త మ్యాక్‌లు నిశ్శబ్దంగా ఉండటానికి ఇదొక కారణం. విండోస్ 11 టాస్క్ మేనేజర్‌లో కొన్ని ప్రోగ్రాముల పక్కన కనిపించే ఆకు గుర్తు, అవి ఇలా పొదుపు పద్ధతిలో నడుస్తున్నాయని చెబుతుంది.

ఫ్యాన్ చప్పుడును మాత్రం పనికి కొలతగా తీసుకోకూడదు. ఫ్యాన్‌కు తెలిసింది వేడి ఒక్కటే. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గదే కాగిపోతుంటే, దుమ్ము పట్టిన ల్యాప్‌టాప్ చిన్న పనికే అరుస్తుంది. మ్యాక్‌లో ఈ వేడికి సంబంధించిన వింత మరొకటుంది. కెర్నెల్ టాస్క్ అనే పేరు ప్రాసెసర్‌ను విపరీతంగా వాడుతున్నట్టు కనిపిస్తుంది. చిప్ వేడెక్కినప్పుడు ఇతర ప్రోగ్రాములకు ప్రాసెసర్ దొరక్కుండా అడ్డం కూర్చోవడం దాని విధుల్లో ఒకటి.

డేటా ఎటు పోతోంది

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే తెరవెనుక డేటా ఎవరి కంటా పడదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కంప్యూటర్ నడిపేవారికి మాత్రం రోజువారీ కోటా పొద్దున పదింటికల్లా అయిపోయినప్పుడు తెలుస్తుంది. చాలాసార్లు విండోస్ ఆ హాట్‌స్పాట్‌ను మామూలు వైఫైలాగే చూస్తుంది. అప్‌డేట్, వన్‌డ్రైవ్, ఆటల ప్రోగ్రాములు, బ్రౌజర్ అన్నీ తమ తమ మూటలు తెచ్చుకోవడం మొదలుపెడతాయి. వైఫై సెట్టింగులలో ఆ కనెక్షన్‌ను 'మీటర్డ్'గా, అంటే డేటాకు హద్దున్నదిగా, గుర్తు పెడితే వీటిలో చాలా భాగం ఆగుతుంది.

లోపలికి రావడమే కాక బయటికి పోవడమూ ఉంటుంది. విండోస్ 10 నుంచి అప్‌డేట్ ముక్కలను ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌కు అందించే ఏర్పాటుంది. దాని పేరు డెలివరీ ఆప్టిమైజేషన్. ఒకే ఇంట్లో నాలుగు కంప్యూటర్లుంటే ఇది లాభం. ముక్కూమొహం తెలియనివారి కంప్యూటర్లకు మన డేటాతో పంచడం ఇష్టం లేకపోతే సెట్టింగులలో ఆపవచ్చు. నెట్ తగిలించిన ప్రతిసారీ విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న అక్షరాల ఫైల్ తెచ్చుకోవడం కూడా నిఘా పెట్టినవారిని కంగారుపెడుతుంది. అందులో 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్' అన్న మూడు మాటలే ఉంటాయి. అవి సరిగ్గా వచ్చాయంటే నెట్ ఉందని అర్థం.

బ్రౌజర్ సంగతి వేరుగా చెప్పాలి. 2008లో వచ్చినప్పటి నుంచీ క్రోమ్ తన ట్యాబులను విడి ప్రాసెస్‌లుగా నడుపుతుంది. ఒకటి చెడితే మిగతావి నిలబడాలని ఆ ఏర్పాటు. కిటికీ మూసేశాక కూడా కొన్ని యాప్‌లను వెనుక నడపనిచ్చే సెట్టింగు అందులో ఉంది. బ్రౌజర్ మూసినా జాబితాలో దాని పేరు ఉండటం వల్ల పుట్టే అనుమానాలు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

మూత మూసినా ఆగని ల్యాప్‌టాప్‌ది మరో కథ. ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో పాత గాఢనిద్ర స్థానంలో 'మోడర్న్ స్టాండ్‌బై' వచ్చింది. ఫోన్‌లాగే అది కునుకు తీస్తూ మధ్యమధ్య లేచి మెయిల్, అప్‌డేట్ చూసుకుంటుంది. హైదరాబాద్‌లో బస్సెక్కేటప్పుడు బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ కర్నూలులో దిగేసరికి కాలుతూ ఉండటానికి, బ్యాటరీ సగానికి పడిపోవడానికి ఇది కారణం కావచ్చు. ప్రయాణానికి ముందు పూర్తిగా ఆపేయడమో, హైబర్నేట్ చేయడమో మేలు.

పాటల సీడీతో వచ్చిన అతిథి

పిలవకుండా వచ్చిన తెరవెనుక పనికి అన్నిటికన్నా పేరుమోసిన ఉదాహరణ 2005 నాటిది. విండోస్ లోతులు తెలిసిన ప్రోగ్రామర్ మార్క్ రసినోవిచ్, దాగిన ప్రోగ్రాములను పట్టడానికి తాను రాసిన పరికరాన్ని పరీక్షిస్తుండగా తన సొంత కంప్యూటర్‌లోనే తెలియని ఫైళ్లు బయటపడ్డాయి. ఒక ప్రత్యేకమైన గుర్తుతో పేరు మొదలయ్యే ఏ ఫైలయినా విండోస్‌కు కనబడకుండా పోతోంది. ఆరా తీస్తే అది సోనీ బీఎంజీ సంస్థ అమ్మిన పాటల సీడీతో వచ్చింది. పాటలను కాపీ చేయకుండా అడ్డుకోవడానికి ఆ సంస్థ వాడిన ప్రోగ్రామ్ అది.

దాని ప్రవర్తన ఈ వ్యాసానికి పాఠ్యపుస్తకం లాంటిది. పేరు 'ప్లగ్ అండ్ ప్లే డివైస్ మేనేజర్' అని పెట్టుకుంది, చూసినవారు విండోస్‌లో భాగమనుకునేలా. సీడీ డ్రైవ్‌లో లేకున్నా రెండేసి సెకన్లకోసారి నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్ ఫైలునూ తడిమి చూసేది. ఒక్కోసారి ఒక్కో ఫైల్ పరిమాణాన్ని ఎనిమిదిసార్లు అడిగేది. వాడుకున్న ప్రాసెసర్ ఒకటి రెండు శాతమే. ఎవరికీ ఫ్యాన్ మోగదు, ఎవరూ పట్టించుకోరు, పని ఏనాటికీ ముగియదు. అక్టోబరు 31న రసినోవిచ్ ఈ సంగతి బయటపెట్టాక గొడవ పెద్దదై, నవంబరులో ఆ సీడీలను సంస్థ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ దాపు చాటున ఇతర వైరస్‌లు కూడా తలదాచుకోవడం మొదలుపెట్టాయి అప్పటికే.

ఎక్కువ చప్పుడు చేసేది ప్రమాదమనీ, తక్కువ వాడేది నిరపాయమనీ అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఉదంతం చెబుతుంది. డిఫెండర్ సగం ప్రాసెసర్ వాడి గంటలో ముగిస్తుంది. దొంగ ఒక్క శాతం వాడి ఏడాది ఉంటుంది.

ఖాళీ సమయం మీద కన్ను

ఇళ్లలోని కంప్యూటర్ల తీరిక సమయం కలిపితే పెద్ద ఆస్తి అని ముందుగా గుర్తించింది శాస్త్రవేత్తలు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1999 మేలో మొదలుపెట్టిన సెటీ ఎట్ హోమ్, రేడియో టెలిస్కోప్ సేకరించిన సంకేతాలను ముక్కలుచేసి లక్షల ఇళ్లకు పంపింది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు అది ఆ ముక్కలో గ్రహాంతర జీవుల జాడ వెతికేది. 2020 మార్చి దాకా ఆ పని సాగింది. ఇంటివాళ్లు ఇష్టపడి ఇచ్చిన సమయమది.

ఇష్టం అడగకుండా తీసుకోవడం క్రిప్టో నాణేలతో వ్యాపారమైంది. 2017 సెప్టెంబరులో కాయిన్‌హైవ్ అనే సేవ మొదలైంది. దాని కోడ్ నాలుగు పంక్తులు వెబ్‌సైట్‌లో పెడితే, ఆ పేజీ చూస్తున్నంతసేపూ చూసేవారి ప్రాసెసర్ మొనేరో అనే క్రిప్టో నాణేన్ని తవ్వే, అంటే పుట్టించే, లెక్కలు చేస్తుంది. కరెంటు ఇంటివాళ్లది, నాణెం ఇంకొకరిది. ట్యాబ్ మూస్తే ఆగుతుంది కదా అనుకుంటే, అదే ఏడాది నవంబరులో కొత్త ఎత్తు బయటపడింది. తెర కింది మూలన, గడియారం ఉండే పట్టీ వెనుక ఒక చిన్న కిటికీ దాక్కుంటుంది. బ్రౌజర్ మూసినట్టే కనబడుతుంది, తవ్వకం సాగుతూనే ఉంటుంది.

ఈ బెడద మన ముంగిట్లోకీ వచ్చింది. 2018 సెప్టెంబరులో గువాహటికి చెందిన భద్రతా పరిశోధకులు కొన్ని భారతీయ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఇలాంటి కోడ్‌ను పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన సంచాలకుల సైట్, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం సైట్లు వాటిలో ఉన్నాయి. ఎవరో చొరబడి పెట్టిన కోడ్ అది. పేజీ తెరిచి ఉంచినవారి కంప్యూటర్ వేడెక్కిందంటే కారణం ఊహించడం కూడా కష్టమే. 2019 మార్చిలో కాయిన్‌హైవ్ మూతపడింది. తవ్వే ప్రోగ్రాములు పోలేదు, దొంగ సాఫ్ట్‌వేర్ పొట్లాల్లో, 'క్రాక్' చేసిన ఆటల్లో చేరాయి.

ముగిసే పని, ముగియని పని

న్యాయమైన తెరవెనుక పనికి ముగింపు ఉంటుంది. పట్టిక పూర్తవుతుంది, తనిఖీ అయిపోతుంది, అప్‌డేట్ సర్దుకుంటుంది. కంప్యూటర్‌ను ఒక రాత్రంతా ఆన్‌లో వదిలేసి తెల్లవారి చూస్తే చాలావరకు చల్లబడి ఉండాలి. వారం గడిచినా అదే పేరు అదే అంకె దగ్గర ఉంటే అప్పుడు ఆరా తీయాలి.

తవ్వే ప్రోగ్రాముల్లో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోతాయి. దీన్ని వాటి మీదే తిప్పికొట్టవచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి, మౌస్ వదిలేసి, అరగంట కదిలించకుండా ఉండాలి. విండోస్ పనులు చూసేది మనిషి కదలికను. అవి కాసేపటికి మళ్లీ మొదలై, పేరుతో సహా జాబితా పైకి వస్తాయి. దొంగ చూసేది టాస్క్ మేనేజర్‌ను. అది తెరిచి ఉన్నంతసేపూ నోరు మెదపదు. టాస్క్ మేనేజర్ మూసినప్పుడు మాత్రమే ఫ్యాన్ మోగుతుందంటే అనుమానానికి గట్టి ఆధారం దొరికినట్టే. రెంటినీ కనిపెట్టి చూసే గడసరి ప్రోగ్రాములూ ఉంటాయి కాబట్టి ఇది నిర్ధారణ కాదు, తొలి జల్లెడ.

పేరును నమ్మకూడదు, చోటును చూడాలి. జాబితాలో పేరు మీద కుడి మీట నొక్కి ఫైల్ ఉన్న చోటు తెరిస్తే, అసలైన సర్వీస్ హోస్ట్ విండోస్ ఫోల్డర్‌లోని సిస్టం 32లో ఉంటుంది. అదే పేరు డౌన్‌లోడ్స్‌లోనో తాత్కాలిక ఫోల్డర్‌లోనో ఉంటే, లేదా ఒక అక్షరం అటూ ఇటూ అయి ఉంటే సంగతి వేరు. ఫైల్ ప్రాపర్టీస్‌లో తయారీదారు డిజిటల్ సంతకం కూడా కనబడుతుంది. ఇంకా లోతుగా చూడాలంటే రసినోవిచ్ రాసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉచితంగా దొరుకుతుంది. ఏ ప్రోగ్రామ్‌ను ఏది మొదలుపెట్టిందో అది చెట్టులా చూపిస్తుంది.

[బాక్స్] భయాన్ని అమ్మేవాళ్లు

కంప్యూటర్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసే మోసగాళ్లకు తెరవెనుక పనుల గురించిన అయోమయమే పెట్టుబడి. వాళ్లు ఈవెంట్ వ్యూయర్ తెరిపించి ఎర్రగుర్తులు చూపిస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా అలాంటి ఎర్రగుర్తులు వందలుంటాయి. ఏదో సేవ ఒక క్షణం ఆలస్యంగా మొదలైనా అక్కడ రాసిపెడతారు. నెట్‌స్టాట్ అనే ఆదేశం కొట్టించి 'ఫారిన్ అడ్రస్' అన్న నిలువు వరసను విదేశీ హ్యాకర్ల చిరునామాలుగా చూపడం ఇంకో ఎత్తు. ఆ మాటకు అక్కడున్న అర్థం అవతలి కంప్యూటర్ అని మాత్రమే. ఆ తర్వాత కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్ వేయమంటారు. నిజమైన ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ఆపేయడమా, అదుపులో పెట్టడమా

తెరవెనుక పనులన్నిటినీ ఆపే చిట్కాలు యూట్యూబ్‌లో కొల్లలు. వాటిలో అన్నిటికన్నా చెడ్డది అప్‌డేట్ సేవను నిలిపేయడం. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపాన్ని సరిచేసే అప్‌డేట్ విడుదల చేసింది. మే 12న అదే లోపం గుండా వానాక్రై అనే దొంగ ప్రోగ్రామ్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని జిల్లాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మధ్యలో దొరికిన ఎనిమిది వారాల్లో అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్ల మీద అది ఆ దారిన ఎక్కలేకపోయింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. పొడిగింపు తీసుకోని కంప్యూటర్లు ఇప్పుడు మునుపటికన్నా నిశ్శబ్దంగా ఉంటాయి. ఆ నిశ్శబ్దాన్ని చూసి సంతోషించాల్సిందేమీ లేదు.

ఆపడం కన్నా వేళలు సర్దడం మంచిది. అప్‌డేట్ సెట్టింగులలో 'యాక్టివ్ అవర్స్' ఇస్తే ఆ గంటల్లో కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ కాదు. స్టార్టప్ జాబితాలో అక్కర్లేని యాప్‌లు తీసేస్తే తెరవెనుక రద్దీ తగ్గుతుంది, అక్కడ చేరేవి ఎక్కువగా విండోస్‌వి కావు, మనం వేసుకున్నవే. సూచిక పట్టికలోంచి పాత సినిమాలు, బ్యాకప్‌లు ఉన్న ఫోల్డర్లను తొలగించవచ్చు. వారానికి ఒక రాత్రి చార్జర్ పెట్టి ఆన్‌లో వదిలేస్తే పేరుకున్న పనులన్నీ ఆ రాత్రే తీరతాయి. రోజుకు అరగంట మాత్రమే కంప్యూటర్ వాడే ఇళ్లలో అది ఎప్పుడు తెరిచినా నెమ్మదిగా ఉండటానికి కారణం, దానికి ఖాళీ దొరక్కపోవడమే.

ఇంత చేసినా అనుమానం తీరకపోతే తనిఖీ వైపు వెళ్లాలి. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం దొంగ ప్రోగ్రాములను ఏరివేసే పరికరాలను ఉచితంగా ఇస్తోంది. పాటల సీడీ అతిథిలా విండోస్ కళ్లే కప్పే రకమైతే విండోస్ లోపలి నుంచి వెతకడం వల్ల లాభం తక్కువ. అందుకోసం డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అనే ఏర్పాటుంది. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, మామూలు విండోస్ మొదలుకాకముందే డిస్క్‌ను వెతుకుతుంది. దాక్కునే ప్రోగ్రామ్ అప్పటికి లేచి ఉండదు గనుక తన ఫైళ్లను దాచలేదు. పావుగంట పడుతుంది.